ఇస్తాంబుల్‌లో టర్కిష్ కాఫీ ఎక్కడ తాగాలి: పేట కాఫీ కొట్టా, పాత మదరసా ప్రాంగణమా, చైన్ కేఫా?

ఇస్తాంబుల్ ట్రిప్ ప్లాన్ చేసుకునే మనవాళ్లు ఎక్కువగా అడిగేది, "బెస్ట్ టర్కిష్ కాఫీ ఏ షాపులో దొరుకుతుంది?" అని. ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే వాళ్లకు పెద్దగా పనికిరాదు. ఊళ్లో పాతకాలపు కొట్లన్నీ దాదాపు ఒకే రకం గింజ వాడతాయి. టర్కీకి కాఫీ గింజ బయటి నుంచే రావాలి. సంప్రదాయ టర్కిష్ కాఫీలోకి వెళ్లేది చాలావరకు బ్రెజిల్ నుంచి దిగే అరబికా. అందుకని ఈ కొట్టుకీ ఆ కొట్టుకీ తేడా గింజలో తక్కువ. పొడి ఎంత తాజాగా కొట్టారు, కాచే మనిషి ఎంత ఓపికగా కాచాడు, మిమ్మల్ని ఎంతసేపు కూర్చోనిచ్చారు అన్నదాన్ని బట్టి అనుభవం మారిపోతుంది.

నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి కప్పు మాత్రం, కాఫీయే ప్రధానంగా అమ్మే చిన్న పేట కొట్టులో, ఆర్డర్ ఇచ్చాక చేత్తో కాచి ఇచ్చే చోట తాగండి. సముద్రం చూస్తూ తాగడం, పాత కట్టడాల నీడలో కూర్చోవడం, ఫోటోలు దిగడం తర్వాత ఎలాగూ ఉంటాయి. మొదటే సరైన కప్పు తాగిన నాలుకకి తర్వాత ఏ చోట ఏం తగ్గిందో తెలుస్తుంది. టూరిస్టు సెంటర్లో మొదలుపెట్టిన చాలామంది "టర్కిష్ కాఫీ అంటే మడ్డి నీళ్లు, అంతేగా" అని తేల్చేసి టీ వైపు తిరిగిపోతారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మంచి కప్పు ఎలా తెలుస్తుంది

జెజ్వె అంటే పొడుగు పిడి ఉన్న చిన్న గిన్నె. మూతి కాస్త సన్నగా, అడుగు వెడల్పుగా ఉంటుంది. మంచి కొట్లలో రాగిది, లోపల కళాయి పూసింది వాడతారు. కాచే ఆయన మీకు ఇవ్వబోయే కప్పుతోనే నీళ్లు కొలిచి పోస్తాడు. రెండు చిన్న చెంచాల పొడి, అంటే సుమారు ఆరేడు గ్రాములు వేస్తాడు. చక్కెర కావాలంటే అదీ అప్పుడే పడాలి. అన్నీ కలిపి సన్నని సెగ మీద పెట్టి ఇక గరిట పెట్టడు. అంచుల చుట్టూ నురుగు లేచి మధ్యకు మూసుకుంటూ వస్తుంది. అది పొంగి మూతిదాకా రాగానే ఎత్తేసి, ఆ నురుగును చెంచాతో కప్పుల్లోకి పంచుతాడు. మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి, మిగిలింది కప్పు అంచు నుంచి మెల్లగా పోస్తాడు. మూడు నాలుగు నిమిషాల పని ఇది. తెర్లనిస్తే నురుగు విరిగిపోతుంది, చేదు ఎక్కుతుంది. మన పాలు పొంగేటప్పుడు పొయ్యి దగ్గర నిలబడే అమ్మ కళ్లలో ఉండే జాగ్రత్తే ఆయన కళ్లలోనూ కనిపించాలి.

కాబట్టి కొట్టు బాగుందో లేదో బయట నిలబడి రెండు విషయాలు చూస్తే తెలిసిపోతుంది. మొదటిది: ఆర్డర్ తీసుకునేటప్పుడే చక్కెర ఎంత అని అడుగుతున్నారా? అడక్కుండా తెచ్చి, పక్కన చక్కెర బిళ్లలు పెట్టారంటే అది ముందే కాచి పెట్టిన కాఫీ అయినా కావాలి, అక్కడివాళ్లకు పట్టింపు లేకైనా ఉండాలి. రెండోది ఇంకా నమ్మకమైన పరీక్ష. ఇద్దరు కలిసి వెళ్లి, ఒకరు చక్కెర లేనిది, ఒకరు మధ్యస్థంగా ఉన్నది చెప్పండి. నిజమైన కొట్టులో రెండు జెజ్వెలు పొయ్యెక్కుతాయి. ఒకే జెజ్వెలోంచి రెండు కప్పులూ నిండితే లేచి రానక్కర్లేదు గానీ, రెండోసారి అక్కడికి వెళ్లక్కర్లేదు.

ఆర్డరుకి నాలుగు మాటలు చాలు: చక్కెర వద్దంటే "సాదె", కొంచెం అంటే "అజ్ షెకెర్లి", మధ్యస్థం "ఓర్తా", తీపి ఎక్కువ "షెకెర్లి". మన ఫిల్టర్ కాఫీ అలవాటున్న నోటికి ఓర్తాతో మొదలుపెట్టడం మంచిది. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు సాదె అని గట్టిగా చెప్పండి, తర్వాత తీసేయడానికి వీలుండదు.

కప్పు వచ్చాక పక్కన ఉన్న మంచినీళ్లు ముందు తాగాలి. కాఫీని కలపకూడదు. ఒకట్రెండు నిమిషాలు వదిలేస్తే మడ్డి అడుగుకు దిగుతుంది. ఆఖరి రెండు గుక్కలు కప్పులోనే వదిలేయాలి. "నోరంతా పొడి" అని కంప్లయింట్ చేసేవాళ్లలో చాలామంది ఈ చివరి గుక్క తాగినవాళ్లే.

పేట కొట్లు

పేట అనగానే రెండు వేర్వేరు చోట్లను కలిపేయకండి. ఒకటి కహ్వెహానె. ప్రతి పేటలోనూ ఉంటుంది: ట్యూబ్‌లైట్లు, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు, ఓకెయ్ అనే బిళ్లల ఆట, తవ్లా అనే పాచికల ఆట, గోడకి ఫుట్‌బాల్ నడుస్తున్న టీవీ. పేరు కాఫీది గానీ అక్కడ గంటగంటకీ తిరిగేది టీ పళ్లెం. కాఫీ చెప్తే చేసిస్తారు, ఫర్వాలేదనిపిస్తుంది, ఖర్చు అన్నిటికంటే తక్కువ. కస్టమర్లు దాదాపు అందరూ రిటైరైన మగవాళ్లు. ఆడవాళ్లు వెళ్తే ఎవరూ వెళ్లగొట్టరు కానీ బల్లల మీద మాటలు ఒక్క క్షణం ఆగుతాయి, ఆ ఇబ్బంది ఎవరికి కావాలి? ఊరి జీవితం చూడాలనుకునే మగవాళ్లు ఒక మధ్యాహ్నం కూర్చుని రావచ్చు. కుటుంబంతో అయితే దీన్ని వదిలేసి, "ఆయిలె" (కుటుంబం) అని బోర్డు ఉన్న టీ తోటలు చూసుకోండి. ఆసియా వైపు మోదాలో సముద్రానికి ఎదురుగా అలాంటి తోట ఉంది. పిల్లలు పరిగెత్తినా ఎవరూ విసుక్కోరు.

రెండోది నేను మొదటి కప్పుకు చెప్పిన కొట్టు. ఆసియా వైపే కదికొయ్ మార్కెట్లో సెరాస్కెర్ వీధిలో ఫాజిల్ బే ఉంది, 1923 నుంచి నడుస్తున్న పేరు. చేపల అంగళ్లు, ఆలివ్ కొట్లు దాటుకుంటూ వెళ్తుంటే కాఫీ గింజలు వేయించే వాసనే దారి చూపిస్తుంది. యూరప్ వైపు ఇస్తిక్లాల్ వీధి నుంచి పక్కకు తిరిగితే ఒలీవియా సందులో 1967లో మొదలైన మందాబత్మజ్ ఉంటుంది. అక్కడి కాఫీ చిక్కదనానికి, నురుగుకి పేరు. రెండూ నచ్చుతాయి. రెండింట్లో ఒకటే వీలైతే నేను ఫాజిల్ బే వైపు మొగ్గుతాను. కదికొయ్ స్థానికులు కూరగాయలకి వచ్చే మార్కెట్. యూరప్ వైపున్న ఎమినోను రేవు నుంచి స్టీమర్‌లో రావడం ఒక ఆనందం, కాఫీ తర్వాత తిరగడానికి బోలెడంత ఉంటుంది. మందాబత్మజ్ కాఫీ ఇంకాస్త ఘాటుగా ఉంటుంది, నిద్రమత్తు వదిలిస్తుంది. కానీ సందు ఇరుకు, స్టూళ్లు పొట్టివి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే కూర్చుని లేవడమే పెద్ద పని అవుతుంది.

ఈ రెండు చోట్లా జనం పెట్టే కంప్లయింట్లు కూడా న్యాయమైనవే. శని ఆదివారాలు కూర్చోవడానికి చోటు దొరకదు. దొరికినా వెనకాల ఇంకొకరు నిలబడి చూస్తుంటే ప్రశాంతంగా తాగలేం. వెయిటర్ నవ్వలేదని కొందరు చిన్నబుచ్చుకుంటారు. పదిన్నర పదకొండు మధ్య, పని రోజుల్లో వెళ్లి చూడండి, అదే మనిషి కబుర్లు చెప్తాడు. కాచే ఆయన్ని "ఉస్తా" అని పిలుస్తారు, అందించే కుర్రాణ్ణి కూడా మర్యాదగా "అబి" అంటారు, మనం అన్నా అన్నట్టే. తాగి లేచేటప్పుడు "ఎలినిజె సాలిక్" అని ఒక్క మాట అనండి, మీ చెయ్యి చల్లగా ఉండాలి అన్నట్టు. పెద్ద టిప్పుకు కూడా రాని నవ్వు దానికి వస్తుంది.

పేరున్న కొట్లకే వెళ్లాలని లేదు. మీ హోటల్ ఉన్న పేటలోనే, నాలుగు బల్లలు, ఒక పొయ్యి, జెజ్వెలు వరసగా తగిలించిన చిన్న కొట్టు ఉంటే అక్కడ పైన చెప్పిన రెండు పరీక్షలు పెట్టండి. గెలిస్తే రోజూ అక్కడికే వెళ్లండి. రెండో రోజు మీ చక్కెర లెక్క వాళ్లే గుర్తుపెట్టుకుని అడుగుతారు. మూడో రోజు పక్క బల్లమీది పెద్దాయన "ఎక్కడి నుంచి వచ్చారు?" అని మొదలుపెడతాడు. పెద్ద కేఫుల్లో ఎంత డబ్బు పెట్టినా దొరకనిది ఇదే. ఈ దేశంలో కాఫీ కొట్టు మొదటి నుంచీ మాట్లాడుకునే చోటే. 1550ల మధ్యలో అలెప్పో, డమాస్కస్‌ల నుంచి వచ్చిన ఇద్దరు ఇస్తాంబుల్‌లోని తహ్తాకాలె పేటలో తొలి కొట్లు తెరిచారని ఒట్టోమన్ చరిత్రకారుడు పెచెవి రాశాడు. జనం గుమిగూడి ప్రభుత్వం మీద మాట్లాడుకుంటున్నారన్న భయంతో నాలుగో మురాద్ సుల్తాన్ 1633లో వాటిని మూయించాడు. మూత నిలవలేదు. 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన టర్కిష్ కాఫీ సంస్కృతిలో పానీయంతో పాటు ఈ కూర్చుని మాట్లాడుకునే అలవాటు కూడా ఉంది.

పాత ప్రాంగణాలు, కొండ మీది కేఫులు

బెయాజిత్ ట్రామ్ స్టాప్ దగ్గర చోర్లులు అలీ పాషా మదరసా 18వ శతాబ్దం మొదట్లో కట్టింది. ప్రాంగణంలో దీపాలు, తివాచీలు, చుట్టూ నార్గిలె (హుక్కా) పొగ. అందంగా ఉంటుంది, సందేహం లేదు. అయితే అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువమంది నార్గిలె కోసం వస్తారు, కాఫీ దానికి తోడు. ఆస్తమా ఉన్నవాళ్లు, చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు వద్దు. టర్కీలో 2009 నుంచి కేఫుల లోపల పొగ తాగడం నిషేధం, కానీ ఆరుబయట మాత్రం ధారాళంగా తాగుతారు. ఏ కేఫులోనైనా బయటి బల్ల ఎంచుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఎయూప్‌లో పియర్ లోతి కొండకి రోప్‌వే ఉంది. పైనుంచి గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయ మొత్తం పరుచుకుని కనిపిస్తుంది. కాఫీ మామూలు, రద్దీ బాగా ఎక్కువ. దృశ్యం కోసం వెళ్లి టీ తాగి, దిగేటప్పుడు సమాధుల మధ్య బాట వెంబడి నడిచి మసీదు దగ్గరికి రావడం నాకు ఎక్కువ ఇష్టం. అమ్మానాన్నలతో వస్తే సాయంత్రం దీనికే కేటాయించండి. వాళ్లకు కాఫీ కంటే ఆ గాలి, ఆ చూపు గుర్తుండిపోతాయి.

గ్రాండ్ బజార్ లోపలి షార్క్ కహ్వెసి షాపింగ్ మధ్యలో కాళ్లకు విశ్రాంతి. అంతకుమించి ఆశించకండి.

ఇసుకలో కాచే కాఫీ గురించి చాలామంది అడుగుతారు. వేడి ఇసుకలో జెజ్వె దింపితే సెగ అన్ని వైపులా సమంగా తగులుతుంది, పద్ధతిలో తప్పేం లేదు. టూరిస్టు వీధుల్లో మాత్రం వీడియో తీసుకునేవాళ్ల కోసం మళ్లీ మళ్లీ పొంగిస్తారు. అక్కడితో నురుగు పోతుంది, రుచీ పోతుంది. నిప్పుల మీద కాచే "కొజ్దె" కాఫీ దొరికితే దాన్ని వదలొద్దు. నిప్పుల సెగ నెమ్మది, అందువల్ల నురుగు దట్టంగా కడుతుంది.

టూరిస్టులు ఎక్కువగా తిరిగే సుల్తానహ్మెత్ చుట్టుపక్కల ఒక మాట జాగ్రత్త. అక్కడ ఒక కేఫులో మేం అడగని లోకుమ్ (టర్కిష్ డిలైట్ మిఠాయి) పళ్లెం బల్ల మీదికొచ్చింది, బిల్లులోకీ ఎక్కింది. కాఫీతో ఒకటో రెండో లోకుమ్ ముక్కలు ఊరికే ఇవ్వడం ఇక్కడి మర్యాద. పళ్లెం నిండా వస్తే అది అమ్మకం, "ఇది ఉచితమా?" అని ముందే అడగండి. 2024 నుంచి ధరల పట్టిక గుమ్మం దగ్గరే కనిపించాలన్న నియమం ఉంది. అది కనబడకపోతే లోపలికి వెళ్లకండి. ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి నేను అంకెలు రాయడం లేదు. పేట కొట్టు ధర ఒకసారి చూసుకుంటే, టూరిస్టు సెంటర్లో ఎంత ఎక్కువ అడుగుతున్నారో మీకే తెలిసిపోతుంది.

జాతకం చెప్పే కేఫులు బెయోలులో ఉన్నాయి. తాగిన కప్పు బోర్లించి, ఆరాక మడ్డిలో కనిపించే ఆకారాలు చూసి చెప్తారు. డబ్బుకి జాతకం చెప్పడం 1925 చట్టం ప్రకారం కుదరదు కాబట్టి "కాఫీకే డబ్బు, జాతకం ఉచితం" అని బోర్డు పెట్టుకుంటారు. ఆ కాఫీ ధర చూస్తే సంగతి అర్థమవుతుంది. టర్కిష్ స్నేహితురాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేత చెప్పించుకోండి, ఇళ్లలో సరదాగా చెప్పుకునే తీరే అసలు బాగుంటుంది.

చైన్లు, కొత్తతరం కేఫులు

కహ్వె దున్యసి లాంటి చైన్లకు రుచిలో పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. చాలా చైన్లలో మెషీన్ కాస్తుంది, నురుగు బాగానే వస్తుంది, ధర రాసి ఉంటుంది, శుభ్రమైన టాయిలెట్ ఉంటుంది. పసిపిల్లల తల్లికి ఈ చివరిది ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఎయిర్‌పోర్టులో గంట టైమే ఉంటే ఇదే సరైన ఎంపిక. లోటు ఏమిటంటే మిమ్మల్ని ఎవరూ పలకరించరు.

పాలు లేకపోతే కాఫీ కానే కాదనే వాళ్లకి కరాకొయ్, జిహాంగిర్, మోదాల్లోని కొత్తతరం కేఫులు నప్పుతాయి. ఫ్లాట్ వైట్ బ్రహ్మాండంగా ఇస్తారు. ల్యాప్‌టాప్ తెరుచుకుని పని చేసుకోవచ్చు, ఒంటరిగా వచ్చిన అమ్మాయిలు నిశ్చింతగా కూర్చోవచ్చు. కొన్నిచోట్ల ఇథియోపియా గింజతో టర్కిష్ కాఫీ కాస్తారు, పుల్లగా, పండు వాసనతో వేరే పానీయంలా ఉంటుంది. రోజూ సంప్రదాయ కాఫీ తాగి నోరు అలవాటయ్యాక దాన్ని ప్రయత్నించండి. పాలతో కాచిన టర్కిష్ కాఫీ కావాలంటే "సుత్లూ" అని అడిగి చూడండి, అన్నిచోట్లా చెయ్యరు. కెఫీన్ పడనివాళ్లకు మెనెంగిచ్ మంచి దారి. అది అడవి పిస్తా జాతి కాయలతో చేసే గాజియాంతెప్ వైపు పానీయం, అసలు కాఫీ గింజే ఉండదు. పాలతో కాచిస్తే కమ్మగా ఉంటుంది, పిల్లలు కూడా తాగుతారు.

రాత్రి తొమ్మిది దాటాక టర్కిష్ కాఫీ చెప్పే ముందు ఆలోచించుకోండి. కప్పు చిన్నదే అయినా పొడి మొత్తం నీళ్లలోనే ఉండి కాగుతుంది. మా ఇంటికి వచ్చే చుట్టాలు ఎన్నిసార్లు చెప్పినా వినరు, అర్ధరాత్రి లేచి కూర్చుంటారు.

ఇంటికి పొడి తీసుకెళ్లాలంటే

ఎమినోనులో స్పైస్ బజార్ పక్కన తహ్మిస్ వీధి మూలలో కురుకహ్వెజీ మెహ్మెత్ ఎఫెందీ, 1871 నాటి సంస్థ. ఇక్కడ కూర్చుని తాగడానికి ఉండదు, కిటికీ దగ్గర పొడి కొనుక్కోవాలి. వరస పొడుగ్గా కనిపించినా చకచకా కదులుతుంది. గుంపుగా వచ్చి, వెంటనే వాడేవాళ్లు కాగితం పొట్లం కట్టించుకుంటారు. విమానం ఎక్కేవాళ్లు మాత్రం సీలు చేసిన డబ్బానో ప్యాకెట్టో తీసుకోవాలి. ఇంత మెత్తటి పొడి గాలి తగిలితే వారాల్లోనే వాసన పోగొట్టుకుంటుంది. అందుకే ఊరందరికీ పంచడానికి కిలోల్లో కొనకుండా 100 గ్రాముల ప్యాకెట్లు తీసుకోండి, ఒకటి అయ్యాకే ఇంకొకటి తెరవండి.

జెజ్వె కొనేటప్పుడు రెండు కప్పుల సైజు చాలు. మరీ పెద్దదైతే తక్కువ నీళ్లకు నురుగు లేవదు. గోడకి తగిలించే అలంకారం రాగి గిన్నెలు చౌకగా దొరుకుతాయి, వాటిలో కాచకూడదు, లోపల కళాయి ఉందో లేదో చూసి తీసుకోండి. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు అయస్కాంతం అతుక్కునే స్టీలుది వెతుక్కోవాలి. మన గ్యాస్ పొయ్యిల మంట పెద్దది. సిమ్‌లో పెట్టి చిన్న జాలీ స్టాండు మీద ఉంచితే సరిపోతుంది. మన ఫిల్టర్ కాఫీ పొడి దీనికి పనికిరాదు, అది గరుకు, పైగా చాలావాటిలో చికోరీ కలిసి ఉంటుంది. అరకు గింజలతో కాచుకోవాలని ఉంటే మీడియంగా వేయించినవి తీసుకుని, మైదాలా మెత్తగా పట్టించుకోండి. ఇంటి మిక్సీలో అంత మెత్తగా రాదు. ఎమినోనులోనే ఇత్తడి చేతి మర అమ్ముతారు, చేతులు నొప్పి పుడతాయి గానీ ఆ పొడి నురుగు వేరు.